రెండో పిడికిలి

అన్నం వండడం, వండే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుడి కుండలో వేయడం మా అమ్మ మోతీ పని. కూర వండడం పెద్దమ్మ జంపక్క పని. ఒకే వాకిలి, ఒకే పొయ్యి, అన్నదమ్ములిద్దరి సంసారం. ఆదివారం ఆ బియ్యం మూటగట్టి చర్చికి తీసుకుపోయేవాళ్ళం. మూట మోసే వంతు కోసం నేనూ పెద్దమ్మ కూతురూ కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు కొత్తగూడెంలో కుక్కర్‌లో బియ్యం పోసినప్పుడల్లా ఆ వాకిలి గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది.

భద్రాచలం అడవి అంచున ఉన్న మా తండాలో క్రైస్తవుల ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. తాత కాలంలో మతం పుచ్చుకున్నాక పండగలకు ఎవరూ పిలవక, మాకు మేమే చుట్టాలమై బతికాం. అలాంటి మాకు రెండువేల నాలుగులో సత్తుపల్లి వైపు నుంచి ఒక కొత్త పాస్టర్ వచ్చాడు. పసిపిల్లల నెత్తిన నీళ్ళు చిలకరిస్తే అది బాప్తిస్మమే కాదు, పెద్దయ్యాక వాగులో నిండా మునగాలి అన్నాడు. సగంమంది మునిగారు. పెద్దమ్మ కూడా మునిగి, పాస్టర్ వద్దన్నాడని మోచేతుల పైదాకా ఉండే తెల్లగాజులు తీసేసి వచ్చింది. ఆ బోసిచేతులు చూసి అమ్మ ఏడ్చింది. "ఉన్నదే పిడికెడు మంది, మీకు రెండు గుళ్ళా?" అని తండా అంతా నవ్వింది.

పాత చర్చి వాళ్ళతో పొత్తు వద్దు, వేరే పొయ్యి పెట్టుకోమని పాస్టర్ చెప్పాడట. పెద్దమ్మ వాకిలి అవతల మూడు రాళ్ళు పెట్టి మంట రాజేసింది. అమ్మ మూతి ముడుచుకుంది. ఇద్దరికీ కోపం ముక్కుమీదే ఉండేది. తీరా మధ్యాహ్నం చూస్తే అమ్మ అలవాటు కొద్దీ రెండిళ్ళకు సరిపడా అన్నం వండింది, కూర లేదు. పెద్దమ్మ కుండెడు చింతచిగురు పప్పు వండింది, అన్నం లేదు. పిల్లలం అటూ ఇటూ గిన్నెలు మోశాం. మర్నాడూ అదే తంతు. ఈసారి అది అలవాటు కాదని మాకు తెలిసిపోయింది. అయినా వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

ఆదివారం వచ్చింది. కొత్త పాస్టర్ చర్చి నడిపే రేకుల షెడ్డులోనూ పిడికెడు బియ్యం ఆనవాయితీ మారలేదు. అన్నమే వండని పొయ్యి దగ్గర పిడికెడు బియ్యం ఎక్కడిది? పెద్దమ్మ చిన్నబోయిన ముఖంతో వట్టి చేతులతో బయల్దేరింది. అమ్మ గబగబా లోపలికి పోయి ఒక మూట తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. వారమంతా మాకెవరికీ చెప్పకుండా రెండో పిడికిలి కూడా తీసి దాచిందట.

"మీ బియ్యం మా కాడ చెల్లుతయో లేదో" అంది పెద్దమ్మ, మూట వైపే చూస్తూ.

"ఎందుకు చెల్లయక్కా? నీళ్ళు చిలకరిస్తే అన్నమైతదా? ఎసట్ల నిండా మునగాల్సిందే గద."

పెద్దమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాగు దాకా ఇద్దరూ కలిసే నడిచారు. అక్కడినుంచి ఎవరి చర్చికి వాళ్ళు వెళ్ళారు.

ప్రార్థన అయ్యాక పెద్దమ్మ ఆ మూడు రాళ్ళనూ ఒక్కొక్కటే మోసుకొచ్చి అమ్మ పొయ్యి పక్కనే పెట్టింది.

"పాస్టర్ ఏమంటడో" అంది అమ్మ.

"వేరే పొయ్యి పెట్టమన్నడు, పెట్టిన. యాడ పెట్టాల్నో చెప్పలే" అంది పెద్దమ్మ. "జర జరుగు, కూరకు పొద్దుపోతాంది."