వాగు దిక్కు

మా వదిన బీరమ్మకు పిల్లలు లేరనీ, ఆ వెలితితోనే పిట్టను సాకిందనీ చేవెళ్ల సంతలో ఎవరో కథ అల్లారట. ఆ నోళ్లలో మన్ను పడ. ఆమెకు మోషే, సాముయేలు అని రత్నాల్లాంటి ఇద్దరు కొడుకులు. ఇంటెడు చాకిరి, రెండు బర్రెలు, ఉలుకెక్కువైన మొగుడు. ఇన్ని ఉండి కూడా ఆమెకు ఆ పిట్ట నచ్చింది. దానికి వేరే కారణం వెతకాల్సిన పని లేదు.

ఆ మొగుడే మా అన్న పౌలు. నన్ను ఊళ్ళోనే ఇచ్చారు గనుక మా రెండిళ్ల మధ్య ఒక్క గోడే అడ్డం. పొద్దున వదిన నవ్వితే ఇవతల నాకు వినిపించేది.

ఆ రోజుల్లో మా ముడిమ్యాల బీళ్లలో జింకలు మందలు మందలుగా తిరిగేవి. వానలు పడి గడ్డి లేవగానే దొరగారి అతిథులు పట్నం నుంచి మొయినాబాద్ మీదుగా మోటార్లలో వేటకు దిగేవారు. వాళ్లు తుమ్మచెట్ల కింద తుపాకులతో నిలబడితే, మా మొగవాళ్లు ఎదుటి దిక్కు నుంచి రేకు డబ్బాలు కొట్టుకుంటూ జంతువులను వాళ్ల ముందుకు తరమాలి. దాన్ని హాకా అంటారు. కూలి లేదు, వెట్టి. రానంటే వీపు పగిలేది.

అన్న చిన్నప్పటి నుంచి హాకాకు పోయినవాడు. ఒకసారి తన పక్కన నడుస్తున్న మనిషి తొడలో గుండు దిగడం కళ్లారా చూశాడు. అప్పటి నుంచి వేటకాలం వచ్చిందంటే ఇంట్లో ఆయన పోరు భరించలేకపోయేవాళ్లం. అన్నం ముందు కూర్చున్నా అదే పాట.

"డబ్బా సప్పుడు ఇనబడితే ఉరుకొద్దు. వంగొద్దు. గడ్డిల కూసునుడు అసలే వద్దు. నిటారుగ నిలబడి కూకెయ్యాలె. తలకు ఎర్రబట్ట ఉండాలె. ఎర్రబట్ట కనబడ్డ దిక్కు తుపాకి ఎత్తరు."

ఆ ఎర్రబట్ట కథ కూడా చెప్పాలి. మా గుడిలో ప్రసంగ పీఠం మీద పరిచే బట్ట పాతబడితే పాస్టరుగారు కొత్తది వేసి పాతది అన్నకిచ్చారు. దాన్ని చింపి ఇంటిల్లిపాదికీ తలగుడ్డలు చేశాడు. వదిన అద్దం ముందు కట్టుకుని చూసుకుంటూ, "ఓ సత్తీ, జూడు. నిన్నటిదాంక దీని మీద బైబిలు పెట్టిండ్రు. నేనేమో గడ్డిమోపు పెడ్త. పాపం తగుల్తదా ఏంది?" అని నన్ను అడిగింది.

"మా అన్నను చేసుకున్నప్పుడే తగిలింది" అన్నాను. వదిన నవ్వు విని బర్రెలు కూడా తల తిప్పాయి.

ఇక ఆ పిట్ట సంగతి. బట్టమేక అంటారు. గొర్రెపిల్లంత ఎత్తు, పొడుగాటి తెల్లని మెడ, నడకలో దొరసాని ఠీవి. గూడు కట్టదు. నేల మీదే, ఏడాదికి ఒక్కటే గుడ్డు పెట్టి పొదుగుతుంది. మా బీడులో రాళ్లదిబ్బ దగ్గర, తంగేడు పొద పక్కన అలా కూర్చున్న పిట్టను వదిన గడ్డికి పోయినప్పుడు చూసింది. అంతే, ఇక రోజూ ఆ ముచ్చటే. గడ్డి కోసే చోటు దిబ్బ నుంచి వాగు ఒడ్డుకు మార్చుకుంది. అక్కడ గడ్డిలో కూర్చుంటే దిబ్బ మీది పిట్ట కనబడుతుందట, పిట్ట బెదరదట.

"నేను నిలబడితే అది లేస్తది, సత్తీ. నేను కూసుంటే అది కూసుంటది. అది లేసిందనుకో, దొర సుట్టాలు కొట్టి కూరొండుకుంటరు" అంది ఒకరోజు.

"గడ్డిల కూసోవద్దన్నడు గద అన్న."

"ఆయన మాటలకేంది, నిద్రల గూడ గదే చెప్తడు. వేటున్ననాడు పోను తియ్" అని నా మాట కొట్టేసింది. కానీ వేట ఏ రోజో దొరగారు మాకు ముందుగా చెప్పి పంపేవారా?

ఆ రోజు తెల్లవారగానే వదిన కొడవలి తీసుకుని బీడుకు పోయింది. ఆమె పోయిన కాసేపటికి దొర మనిషి వచ్చి హాకాకు రమ్మని వాకిట్లో కేక వేశాడు. అన్న గోడ మీదుగా నన్ను పిలిచాడు.

"సత్తీ, మీ వదిన తలకు బట్ట కట్టుకున్నదా?"

"కట్టుకున్నదే అన్నా. నా కండ్లతోని చూసిన."

"అయితే ఫికర్ లేదు" అన్నాడు. డబ్బా అందుకుని నడిచాడు. కట్టుకున్న మాట నిజమే, నేను చూసిందీ నిజమే.

తరువాత జరిగింది అన్న నాకు చాలా రోజులకు, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వరుసగా డబ్బాలు కొట్టుకుంటూ బీడులోకి దిగారు. జింకలు లేచాయి. అన్న కళ్లు జింకల మీద లేవు, పెళ్లాం కోసం వెతుకుతున్నాయి. దిబ్బ దగ్గర, తంగేడు పొద వెనక ఎర్రబట్ట కనబడింది. ప్రాణం లేచి వచ్చిందట. ఆమె ఆ పొద చాటున ఉందనుకున్నాడు. అతిథులు సరిగ్గా ఆ దిబ్బ వైపే తుపాకులు ఎత్తుతున్నారు. అన్న డబ్బా పారేసి, చేతులు ఊపుతూ గొంతు చించుకున్నాడు.

"దొరా, దిబ్బ దిక్కు కొట్టకుండ్రి! మా ఇంటిది ఉన్నది ఆడ! వాగు దిక్కు కొట్టుండ్రి! వాగు దిక్కు ఎవ్వరు లేరు!"

పెద్దమనుషులు మాట విన్నారు. మావాళ్ల మాట వాళ్లు విన్నది నా ఎరుకలో ఆ ఒక్కసారే. తుపాకులు వాగు వైపు తిరిగాయి. ఒడ్డున గడ్డి కదిలింది.

మేము పోయేసరికి వదిన గడ్డిమోపు పక్కనే ఒరిగి ఉంది. తల మీద బట్ట లేదు. మట్టిరంగు చీర, చేతిలో కొడవలి. ఆమె ముఖం దిబ్బ వైపే తిరిగి ఉంది. ఎర్రబట్ట కనబడ్డ దిక్కు తుపాకి ఎత్తరని మొగుడు చెప్పిన మాట నమ్మింది. నమ్మి, పిట్ట మేతకు పోయిన అదను చూసి కాబోలు, తన తలబట్ట విప్పి పిట్ట పక్కనున్న పొదకు కట్టింది. తను లేస్తే పిట్ట లేస్తుందని డబ్బాలు మోగినా లేవలేదు. పిచ్చి మనిషి. ఆ మాట తిట్టినట్టు అనాలని చూస్తాను, ఏడుపు వస్తుంది.

సాయంత్రం చావడిలో దొర మనిషి తీర్పు చెప్పాడు. "వేటకాలంల ఎర్రబట్ట లేకుంట తిరిగింది. తప్పు ఆమెదే." అతిథులు అప్పటికే మోటారెక్కి పోయారు. నా ఒళ్లు మండిపోయింది. బట్ట ఎక్కడుందో చెప్పబోయి ముందుకు అడుగు వేశాను. అన్న నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు.

బయటికి వచ్చాక నిలదీశాను. "సచ్చినదాని మీద తప్పు మోపుతుంటె నోరు మూసుకుంటవా అన్నా?"

"బట్ట ఏడున్నదో చెప్తే చూసెతందుకు పోతరు. పిట్టను కొడ్తరు" అన్నాడు. "గుడ్డుల కెల్లి పిల్ల ఎల్లినంక చెప్దాం."

పిల్ల బయటికి వచ్చింది. కొన్నాళ్లకు తల్లి వెంట నడుస్తూ బీడు దాటి ఎటో వెళ్లిపోయింది. అప్పుడు అన్న పోయి, ఎండకూ వానకూ వెలిసిన ఆ బట్టను విప్పుకుని వచ్చాడు. చావడిలో పెట్టి చెప్పాడు కూడా. విన్నవాళ్లు పిట్ట కోసమా అని తల అడ్డంగా ఊపారు. చిన్నోడు సాముయేలు మాత్రం బట్టను ముఖానికి అదుముకుని వాసన చూశాడు. ఏ వాసనా మిగల్లేదు.

"నువ్వు ఆమెను కాపాడదామనే గద అరిచినవ్" అని అన్నకు ఎన్నోసార్లు చెప్పాను. "అవును" అంటాడు.

ఆయన్ను హాకాకు మళ్లీ తీసుకుపోవడం ఎవరి వల్లా కాలేదు. కొట్టారు కూడా. పడ్డాడు, పోలేదు. పిల్లలను తనే పెంచాడు, వండిపెట్టాడు, గుడికి తీసుకుపోయాడు. చూసినవాళ్లు పౌలు తేరుకున్నాడనే అనుకుంటారు.

కానీ పక్కింటిదాన్ని, నాకు కనబడుతుంది. పిల్లలు బడికి పోయి ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు వాకిట్లో ఎవరైనా నిలబడి, "ఇంట్ల ఎవ్వరన్న ఉన్నరా?" అని అడుగుతారు. గడపలో కూర్చున్న అన్న లేచి లోపలికి పోతాడు. అర్ర చూస్తాడు, వంటిల్లు చూస్తాడు, వెనక గడ్డివాము చుట్టూ తిరిగి వస్తాడు. అప్పుడు గానీ ఎవ్వరు లేరని చెప్పడు.