వెళ్లని ఉత్తరాల బరువు

"హెప్సిబమ్మా! ఓ హెప్సిబమ్మా! కాళ్లు తీయండి తల్లీ, పెట్టె లేపుతున్నాం!" ముఠా మేస్త్రి ఇస్సాక్ కేకేశాడు.

వన్ టౌన్‌లో మందుల హోల్‌సేల్ ఆఫీసు అది. మూలనున్న ఆ పాత లైనక్స్ కంప్యూటర్ పెట్టెలోంచే ఆఫీసు మెయిళ్లన్నీ వెళ్లేవి. రేపట్నించి ఆ పని విశాఖ హెడ్డాఫీసే చూసుకుంటుందట. సాయంత్రం ఐదింటికల్లా మెయిల్ సర్వర్ ఆపేసి, పెట్టెను గోడౌనుకి పంపాలి.

నలుగురు పట్టినా పెట్టె కదల్లేదు.

వెళ్లని మెయిలు బరువెక్కుతుందని బజారంతటికీ తెలుసు. "లోపల ఏవో ఆగిపోయినయ్ స్టీఫెన్ బాబూ," అన్నాడు ఇస్సాక్ చెమట తుడుచుకుంటూ. "ఏదో ఒకటి చేసి పంపెయ్యండి. మా నడుములు పోతున్నయ్."

కంప్యూటర్లు చూసే స్టీఫెన్ ఆగిపోయిన మెయిళ్ల క్యూ తెరిచాడు. ఇరవై మూడు. అన్నీ బిల్లులు రాసే హెప్సిబావే. విశాఖకి ట్రాన్స్‌ఫర్ అడుగుతూ నెలకొకటి రాసింది. హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే మెయిల్లోనే రాయమనేవాళ్లు. అవి ఆగిపోయేలా రెండేళ్ల కిందట సెట్టింగు పెట్టింది స్టీఫెనే. తడి జడతో ఆమె మెట్లెక్కి వచ్చే ఆ ఒక్క నిమిషం కోసమే అతను బతికేవాడు.

"హెడ్డాఫీసోళ్లకి నీ మొహం నచ్చలేదేమోనే," పక్క సీటు సీతారావమ్మ బిల్లులు కుడుతూ హెప్సిబాని వెక్కిరించింది.

"ట్రాన్స్‌ఫర్ల లిస్టుకి ఇవాళే ఆఖరండీ," అంది హెప్సిబా. "ఈసారీ రాకపోతే విశాఖలో నన్ను చేసుకోబోయే ఎలీషాకి వాళ్లింట్లో వేరే సంబంధం చూస్తారంట."

స్టీఫెన్ విన్నాడు. ఐదింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఒక్క కమాండుతో అన్నీ వెళ్లిపోతాయి, ఆమె కూడా.

అన్నీ తుడిచేశాడు. సర్వర్ ఆపి, మళ్లీ ఎప్పుడూ లేవకుండా చేశాడు.

పెట్టెను ఇస్సాక్ ఖాళీ పూలబుట్టలా ఒంటిచేత్తో ఎత్తుకుపోయాడు.

ఐదైంది. హెప్సిబా లేవబోయింది, లేవలేక నవ్వింది. మళ్లీ లేవబోయింది. కుర్చీ కాళ్లు గచ్చులోకి దిగాయి. ముఠా వాళ్లంతా వచ్చి పట్టినా లాభం లేకపోయింది.

"తుడిచేశారా?" ఇస్సాక్ నిట్టూర్చాడు. "బరువు ఎక్కడికి పోద్ది బాబూ? రాసినామె మీదికే వస్తది. ఇంక ఈ కుర్చీ వదల్దు."

సీతారావమ్మ మంచినీళ్లు తెచ్చింది. దాంతోపాటు రేపటి బిల్లుల కట్ట కూడా ముందు పెట్టింది. "ఎటూ ఇక్కడే ఉంటావుగా."

హెప్సిబా పక్కకి తిరిగింది. "నావి వెళ్లాయిగా, స్టీఫెన్ గారూ?"

ఇక రోజూ కళ్లెదుటే ఉంటుంది. అతను కోరుకున్నదీ అదే. అయినా ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"లేదు. ఒక్కటి కూడా వెళ్లలేదు. రెండేళ్లూ ఆపింది నేనే, ఇందాక తుడిచిందీ నేనే. నువ్వు వెళ్లిపోతావని, హెప్సిబా."