ఉడుము తోళ్ళ ధర

కరెంటు పోగానే మరకైబో ఊరంతా తిట్టుకుంది. మా ఇంట్లో నా మొగుడు ఎదిక్సన్ మాత్రం నవ్వాడు.

నేను అప్పటికే తడిగుడ్డ పిండుతున్నాను. అత్త ఇన్సులిన్ సీసా ఫ్రిజ్‌లోంచి తీసి మట్టికుండలో పెట్టాలి, కుండకి తడిగుడ్డ చుట్టాలి, ఆరినప్పుడల్లా మళ్ళీ తడపాలి. ఈ పని నాకు ఎవరూ చెప్పలేదు. ఈ ఇంట్లో నా పనులన్నీ అలా ఎవరూ చెప్పకుండానే నా మీద పడ్డాయి.

"మొదలైంది యుస్మా," అన్నాడు చేతులు రుద్దుకుంటూ. "ఇక చూడు తోళ్ళ ధర ఎక్కడికి పోతుందో!"

తోళ్ళంటే ఆన్‌లైన్ ఆటలో తోళ్ళు. అందులో ఒక చిత్తడి నేల, దాన్నిండా నీలి ఉడుములు. వాటిని చంపి, తోలు ఒలిచి, ఆటలోని సంతలో అమ్మితే ఆట బంగారం వస్తుంది. ఉడుముల్ని చంపే ఓపిక లేనివాళ్ళు ఏ చలిదేశంలోనో కూర్చుని ఆ బంగారాన్ని నిజం డాలర్లిచ్చి కొనుక్కుంటారు. నేను యూనివర్సిటీలో కంప్యూటర్లు చదివింది దీనికన్నమాట. పొద్దున్నే అరేపాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు కాల్చి, గిన్నెలు తోమి కూర్చుంటే చీకటి పడేదాకా క్లిక్, ఉడుము, తోలు. క్లిక్, ఉడుము, తోలు. మధ్యలో అత్తకి సూది. దీన్ని ఎదిక్సన్ "కూర్చుని ఆడుకోవడం" అంటాడు. తను చేసేది ఇన్వెస్ట్‌మెంట్. అంటే నేను ఒలిచిన తోళ్ళని అమ్మకుండా దాచడం, చవగ్గా దొరికితే ఇంకొన్ని కొని వాటి మీద పోయడం, ఉయ్యాల్లో పడుకుని ఫోన్లో ధర గీతని చూస్తూ ఊగడం.

ఆ గీత గుట్టు కనిపెట్టింది నేనే. నిరుడు ఒకరోజు ఊరికే తోచక, ధరల గీత పక్కన మా ఊరి కరెంటు కోతలు పెట్టి చూశాను. రెండూ ఒకదానికొకటి అతుక్కున్నాయి, కోత పడినప్పుడల్లా ధర లేచింది. ఆ ఉడుముల్ని చంపేవాళ్ళలో సగంమంది ఈ ఊళ్ళోనే, నాలాగే, పొయ్యికీ కంప్యూటర్‌కీ మధ్య తిరుగుతున్నారు. మా కరెంటు పోతే ఇక లోకంలో తోళ్ళుండవు. "భలే తమాషాగా ఉంది చూడు" అని చూపించాను. వారం తిరిగేసరికి వీధి చివర బీరు తాగేవాళ్ళ మధ్య అది 'ఎదిక్సన్ సిద్ధాంతం' అయి కూర్చుంది.

ఈసారి కోత రోజుల తరబడి సాగింది. ఎదిక్సన్ రోజూ జనరేటర్ ఉన్న హోటల్‌కి వెళ్ళి, గీత చూసుకుని, పెళ్ళికొడుకులా తిరిగొచ్చేవాడు.

"రెట్టింపు దాటిందే!"

"అయితే అమ్మేద్దాం. అత్తకి కొత్త సీసా కొనాలి, ఐసు కొనాలి."

"ఆగవే. ఇది పిరికివాళ్ళు అమ్మే ధర. ఇంకా పెరగనీ."

మంచం మీంచి అత్త నెల్వా అందుకుంది. "వాడికి తెలుసులే అమ్మాయ్. తోలు ఒలవడం నీకొచ్చు. ఎప్పుడమ్మాలో వాడికొచ్చు."

నీళ్ళ పీపా తొందరగా ఖాళీ అవడం నేను గమనించాను. ట్యాంకర్ దగ్గర్నుంచి మోసుకొచ్చేది నేనే కాబట్టి, ఎవరెంత తాగుతున్నారో నా భుజాలకి తెలుస్తుంది. "ఎండలే" అంది అత్త, నాలుగో గ్లాసు దించకుండా తాగుతూ. ఆ మధ్యాహ్నం చినిత మాత పటం ముందు కొవ్వొత్తి పెట్టి గొణుక్కుంటోంది. మా ఊరి తల్లికి ఈ వారం అందరి మొరా ఒకటే కదా, కరెంటు ఇప్పించమని. నేనూ చేతులు జోడించబోయాను.

"తల్లీ, ఇంకో రెండు రోజులు కరెంటు రానివ్వకు. మావాడు పైకి రావాలి."

నేను వెళ్ళి కుండలోంచి సీసా తీసి వెలుతురుకి పెట్టి చూశాను. మంచినీళ్ళలా ఉండాల్సిన మందు చెడిపోయి మబ్బు మబ్బుగా ఉంది. నేను ట్యాంకర్ దగ్గర నిలబడే ఈ రోజుల్లో అత్త సూది తనే వేసుకుంటోంది.

"అత్తా, ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"వాడికి చెప్పకే," అంది నా చెయ్యి పట్టుకుని. "భయపడి అమ్మేస్తాడు."

చెప్పాను. ఎదిక్సన్ సీసా వైపు చూశాడు, తర్వాత తల్లి వైపు.

"నాకేం కాలేదురా! దీనికి ప్రతిదానికీ భయమే."

"చూశావా? రేపొద్దున్నే అమ్మేస్తా, ఒట్టు," అన్నాడు. కొత్త సీసా అన్న ప్రతిసారీ ఆ ఒట్టే పెట్టాడు. అబద్ధమాడే మనిషి కాదు. రేపు వచ్చేసరికి దానికింకో రేపు కనిపిస్తుంది, అంతే.

మర్నాడు అత్తకి మాట ముద్దగా వచ్చింది. నోట్లోంచి మగ్గిన పండు వాసన. ఎదిక్సన్ హోటల్ నుంచి వచ్చి ఉయ్యాల్లో నిద్రపోతున్నాడు, ఫోన్ గుండెల మీద. తీసుకున్నాను. పాస్‌వర్డ్ నాకు తెలుసు, ఆడేది నేనే కదా. జనరేటర్ నడుస్తున్న బేకరీలో, ఫోన్లు ఛార్జింగ్‌కి పెట్టుకున్న జనం మధ్య నిలబడి, తోళ్ళన్నీ సంతలో పోశాను. ఒక్కటి కూడా మిగల్చలేదు. ఒలిచేటప్పుడు నెలలు పట్టింది, అమ్మడానికి ఒక కాఫీ తాగేంత సేపు. ఎప్పుడూ కొనే బేరగాడికి బంగారం ఇచ్చేశాను. వచ్చిన డాలర్లతో మందు, సరస్సు ఒడ్డున చేపలవాళ్ళ దగ్గర ఐసు, అత్తని క్లినిక్‌కి తీసుకెళ్ళడానికి కారు.

అత్త బతికింది. చూపు మాత్రం మసకబారింది. తిరిగొస్తుందో లేదో చెప్పలేమన్నారు.

నేనమ్మిన మర్నాడు ధర ఇంకో రెట్టు పెరిగింది. ఎదిక్సన్ రెండు రోజులు హోటల్‌కీ ఉయ్యాలకీ మధ్యే తిరిగాడు. మూడోరోజు అరేపా తుంచుతూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"ఒక్కరోజు. ఒక్కరోజు ఆగలేకపోయావు."

చేతికి సెలైన్ పట్టీ ఇంకా ఊడని అత్త, నేనున్నాననుకున్న వైపు తల తిప్పింది. "ఒక్కరోజేగా అమ్మాయ్, ఆగాల్సింది."

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. లేచి గిన్నెలు తీశాను.

ఆ సాయంత్రమే కరెంటు వచ్చింది. వీధంతా ఈలలు, కేకలు. ఫ్యాన్ తిరిగింది, ఫ్రిజ్ దగ్గింది. ఎదిక్సన్ స్వయంగా కంప్యూటర్ ఆన్ చేశాడు, నా కుర్చీ కూడా తుడిచాడు.

"సరే, పోయిందేదో పోయింది. నేనేం మనసులో పెట్టుకోను. రా, కూర్చో. తోళ్ళు మళ్ళీ పోగెయ్యాలి."

నేను కుండకి చుట్టిన గుడ్డ విప్పి, పిండి, తీగ మీద ఆరేస్తున్నాను.

"ఏమే? నిన్నే. ఎప్పుడు కూర్చుంటావు?"

"ఆగు. ధర ఇంకా పెరగనీ."

"పిచ్చిదానా, అమ్మేశావుగా! మన దగ్గర ఇంక తోళ్ళెక్కడున్నాయి?"

"తోళ్ళది కాదు," అన్నాను. "ఒలిచేదానిది."