గొళ్లెం ఏ వైపుంది

తోమిన గిన్నెల్లో సగం తనవి కావు. పెళ్లయి పన్నెండేళ్లయినా, ఈ సంగతి నవీనకు వాటిని బోర్లించేటప్పుడే గుర్తొస్తుంది.

గోదావరిఖనిలో వాళ్లది బొగ్గుబాయి క్వార్టర్. పక్క క్వార్టర్‌లో బావ రాయమల్లు కుటుంబం, అత్త కనకవ్వ ఉంటారు. నడుమ గోడ పగలగొట్టి తలుపు పెట్టించిన రోజున, "ఇగ రెండిండ్లు ఒక్కటే బిడ్డా, ఎప్పుడంటే అప్పుడు రా, పో" అన్నది అత్త. నవీన పొంగిపోయింది. ఆ తర్వాత ఆ తలుపు గుండా అంట్ల గిన్నెలొచ్చాయి, ఉతకాల్సిన బట్టలొచ్చాయి, చుట్టాలకు వండి పెట్టమనే కబుర్లొచ్చాయి. పోయిన వానాకాలం ఒళ్లు కాలిపోతుంటే, గంజి అడుగుదామని తనే వెళ్లి తట్టింది. తెరుచుకోలేదు. గొళ్లెం అవతలి వైపుంది. "టీవీ సప్పుడుకు ఇనపడలే" అన్నది అత్త. నిజమే కావచ్చు. అయినా ఆ మాట తనకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. పెద్దపల్లిలో టీచరుగా చేసే భూమిక మెసేజ్ పెట్టింది. మూడేళ్ల కింద ఇద్దరూ కలిసి 'సందుగ', అంటే పెట్టె, అని ఒక చిన్న సైటు పెట్టారు. అరవై మంది ఆడవాళ్లు ఇంట్లో చెప్పుకోలేనివి అందులో రాసుకుంటారు. ఇప్పుడు, ఇన్నాళ్లూ చుట్టూ గోడ కట్టుకుని కూర్చున్న ఒక పెద్ద సోషల్ మీడియా కంపెనీ, ఇంటర్నెట్ అందరిదీ అంటూ చిన్న సైట్లతో కలుస్తానంటోంది. ఇక్కడ రాసింది అక్కడ కనిపిస్తుంది, అక్కడిది ఇక్కడ.

"అక్కా, వేలమంది సదువుతరు. నాకైతే సరే అనిపిస్తుంది. సాయంత్రం వరకు నీ మాట చెప్పు" అని ఉంది.

వేలమంది. ఆ ఆశ తనకు లేదంటే అబద్ధం. కానీ ఆ అరవై మందిలో ఉన్న శంకరవ్వ సంగతేమిటి? మొగుడి దెబ్బల గురించి రాసేది ఆమె. ఆ మొగుడు మరమగ్గం ఆపితే చాలు, ఆ పెద్ద యాప్‌లోనే ఉంటాడు. పైగా మనవాళ్లంతా అటు అలవాటు పడ్డాక కంపెనీ తలుపు మూసేస్తే, సందుగలో మిగిలేదెవరు? పోనీ వద్దంటే, మన గోడు మనమే చెప్పుకుని మనమే విని ఊరుకోవడమేనా? నమ్మాలంటే భయం, వద్దనుకుంటే దిగులు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి అన్నం తింటున్న మొగుడు సంపత్‌కు చెప్పింది.

"అంత పెద్దోళ్లు రమ్మంటుండ్రు, అండ్ల పరేషానేంది?" అన్నాడు సంపత్. పులుసు కలుపుకుంటూ, "అయినా గా సైటు జూసుకుంటే నీకేమొస్తది?" అని కూడా అన్నాడు.

గిన్నెలు తోమితే ఏమొస్తుందని మాత్రం అతను ఎన్నడూ అడగలేదు. నవీనకు కోపం రావాలి, కానీ నవ్వొచ్చింది. అతని కంచం ఎత్తలేదు. ఫోన్ తీసుకుని భూమికకు రాసింది.

"నాకు నమ్మకమైతే కుదుర్తలేదు. అయినా కలుద్దాం. ఎవ్వల రాత బయటికి పోవాల్నో ఆళ్లే చెప్పాలె. శంకరవ్వది పోవద్దు. వద్దనుకున్ననాడు తెంపుకునే మీట మన చేతులనే ఉండాలె. అట్లయితేనే."

పంపాక కూడా మనసు కుదుటపడలేదు. చేసింది తప్పో ఒప్పో ఎవర్నడగాలి? సంపత్ సామాన్ల డబ్బాలోంచి పాత గొళ్లెం, స్క్రూడ్రైవర్ తీసి నడిమి తలుపు దగ్గరకు వెళ్లింది. తలుపు బార్లా తెరిచే ఉంది. తన వైపు గొళ్లెం పెట్టి మరలు బిగించడం మొదలుపెట్టింది.

చప్పుడుకు కనకవ్వ వచ్చి అవతల నిలబడింది.

"ఏందే, మాకు తలుపేస్తున్నవా?"

"ఏస్తలేను అత్తమ్మా. ఏద్దామంటే పడుతదా అని జూస్తున్న."