ఇంటికొక రబ్బరు సూటు

ఇంటికి ఒకటే రబ్బరు సూటు అని సంఘం సమావేశంలో చాప మీద అరచేత్తో చరిచి మరీ చెప్పింది కివాయే. ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. షిమా తీరంలోని ఆ చిన్న రేవులో రాళ్ళకి అతుక్కుని పెరిగే అవాబి చిప్పల కోసం సముద్రంలో మునిగే ఆడవాళ్ళందరిలోకీ లోతుకు వెళ్ళేది ఆమే, పెద్ద గొంతూ ఆమెదే.

"నూలుబట్టలతో మునిగితే చలికి వణికిపోయి కాసేపటికే గట్టెక్కేస్తాం. ఆ చలే మన సముద్రానికి కాపలా. ఈ రబ్బరు తొడుక్కుని పొద్దస్తమానం నీళ్ళలోనే కూర్చుంటే చిప్పలేం మిగుల్తాయి? మన మనవరాళ్ళు రాళ్ళు నాకాలా? అందరూ కొంటానంటే కుదరదు. ఇంటికి ఒకటి, అంతే!" అంది.

అందరూ తలలూపారు. కొలబద్దకి అందని చిన్న చిప్పని తిరిగి రాతి మీదే పెట్టి రావడం, ఆకులు రాలే కాలంలో అవి గుడ్లు పెడతాయని మునకలు మానేయడం వాళ్ళ అమ్మమ్మల నాటి నుంచీ ఉన్న కట్టుబాట్లే. వాటి పక్కన ఇదొకటి చేరింది.

కివా చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆమె మనసులో ఉన్నది అదొక్కటే కాదు. పక్కింటి త్సునెయో వాళ్ళింట్లో ముగ్గురు మునుగుతారు. ముగ్గురూ సూట్లు తొడిగితే తన పేరు ఏ మూలకి పోతుందో అని ఆమె భయం. ఇంటికి ఒకటే అయితే పీడా పోయె. తమ ఇంట్లో ఆ ఒక్కటీ ఎవరిదన్న ప్రశ్న ఆమెకి కలలో కూడా రాలేదు.

ఆ సూటు ఒంటికి అతుక్కుపోవాలి. ఒకరి కొలతకి కుట్టింది ఇంకొకరికి పట్టదు. అందుకని టోబా పట్నం నుంచి దర్జీ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చాడు. కివా పొద్దున్నే స్నానం చేసి, జుట్టు బిగించి ముడేసుకుని సిద్ధంగా కూర్చుంది.

"ఎవరికండీ?" అన్నాడు దర్జీ టేపు విప్పుతూ.

కివా లేవబోయింది.

"ఫుమినోకి" అన్నాడు కొడుకు యసువో, పెళ్ళాం వైపు చూపిస్తూ.

లేచినది మళ్ళీ కూర్చుంటే పరువు పోతుంది. టీ పెట్టడానికే లేచినట్టు కివా వంటింట్లోకి నడిచింది. యసువో వెనకాలే వచ్చాడు.

"అమ్మా, నీకు చలి అలవాటేగా. అది చిన్నది, ఇంకా ఎన్నేళ్ళో మునగాలి. ఒకటే అని నువ్వే అన్నావాయె."

"నేనిప్పుడు ఏమన్నానురా? దానికే కుట్టించు. కుర్రపిల్ల, వెచ్చగా ఉండాలి" అని నవ్వింది కివా. ఆ రోజు దర్జీకి పోసిన టీ నోట పెట్టుకోలేనంత చేదుగా ఉంది.

సూటు పోతే పోయింది, దాంతోపాటు తాడూ పోయింది. అసలు మంట అక్కడుంది. పడవ మీద నుంచి మునిగే ఆడదాని నడుముకి తాడుంటుంది. సీసం గుండు పట్టుకుని ఆమె నిలువునా అడుక్కి దిగిపోతుంది. ఊపిరి అయిపోతుండగా తాడుని గుంజితే పైనున్నవాడు శక్తికొద్దీ లాగుతాడు. ఆ కాసేపూ ప్రాణం అతని చేతిలోనే. కివా తాడు మొదట మొగుడు పట్టాడు. అతను పోయాక యసువో పట్టాడు, అప్పటికి వాడికి మూతి మీద మీసం కూడా లేదు. కోడలు వచ్చాక కూడా పడవ కివాదే. ఫుమినో చిప్పలు వేసుకునే బుంగంత కొయ్య తొట్టిని తోసుకుంటూ ఒడ్డు నుంచే ఈదుకెళ్ళి, గట్టు దగ్గర మునిగేది. ఇప్పుడు లోతులో ఎక్కువసేపు ఉండగలిగేది సూటున్న మనిషే కనక ఫుమినో పడవెక్కింది, కివా తొట్టి పట్టుకుంది.

వసంతంలో మునకలు మొదలయ్యాయి. గట్టు దగ్గర అలల్లో తేలుతూ కివా చూసేది తన తొట్టిని కాదు, దూరాన ఉన్న పడవని. యసువో వంగి తాడు లాగడం, నల్లగా నిగనిగలాడుతూ కోడలు పైకి రావడం, వాడు దాని మునక కళ్ళద్దం తుడిచి ఇవ్వడం అన్నీ చూసేది. తనకి ఎప్పుడైనా తుడిచిచ్చాడా వెధవ అని పళ్ళు నూరుకునేది. అలా చూసి చూసి మునిగితే ఊపిరి నిలవక సగంలోనే పైకి వచ్చేసేది.

మునిగి వచ్చినవాళ్ళంతా ఒడ్డున పాకలో మంట చుట్టూ చేరి ఒళ్ళు కాచుకుంటారు. ఎండు చిలగడదుంపలు కాల్చుకుంటూ నోటికొచ్చింది మాట్లాడుకుంటారు. త్సునెయో ఊరుకునే రకమా!

"ఏం కివా వదినా, ఇవాళ నీ కోడలి బుట్ట ఎత్తడానికి ఇద్దరం పట్టాల్సొచ్చిందమ్మా!"

"నేర్పింది ఎవరనుకున్నావే?"

"నేర్పావు సరే. మరీ నిన్ను ఒడ్డున పడేసేంత బాగా నేర్పాలా?"

పాకంతా గొల్లుమంది. కివా కూడా నవ్వి, చేతిలోని దుంపని నిప్పుల్లో పడేసి చూస్తూ కూర్చుంది. ఫుమినో మాత్రం నవ్వలేదు, అత్తగారి భుజాల మీద దుప్పటి కప్పబోయింది. కివా దాన్ని విదిల్చి కొట్టింది.

ఆ ఏడాది గడిచేసరికి లోతు రాళ్ళ మీద చిప్పలు పలచబడ్డాయి. పడవల వాళ్ళు ఒకరి చెవిలో ఒకరు అనుకుంటున్నారు గాని పైకి అనడం లేదు. కివాకి అది వరంలా దొరికింది. శీతాకాలం సమావేశంలో లేచి నిలబడింది.

"ఇంటికి ఒకటి అన్నది నేనే, తప్పు నాదే. అసలు ఒక్కటి కూడా ఉండకూడదు. సూట్లన్నీ కట్టిపెట్టండి. అందరం నూలుబట్టలతోనే మునుగుదాం."

సూట్లున్న ఇళ్ళవాళ్ళు ముఖాలు మాడ్చుకున్నారు. త్సునెయో అక్కడికక్కడే అడిగేసింది.

"వదినా, ఒక్కమాట అడుగుతా, కోపం తెచ్చుకోకు. ఇది సముద్రం మీద ప్రేమా, కోడలి మీద కుళ్ళా?"

కివా చెప్పింది అక్షరాలా నిజమే, చెప్పించింది కుళ్ళే. ఆ రెంటినీ విడదీసి చూపించడం ఆమె వల్ల కాలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఫుమినో లేచింది.

"అత్తయ్య చెప్పింది నిజమండీ. అందరికంటే ఎక్కువసేపు అడుగున ఉన్నదాన్ని నేనే కదా. మొదట్లో ఒక్క రాతికి గుంపుగా ఉండేవి. మునకలు ఆపే ముందు వెళ్తే రాళ్ళు బోసిగా ఉన్నాయి, చిన్నవి కూడా కనబడలేదు. ఇది నా చేతులారా నేను చేసిందే. మా సూటు నేను కట్టిపెట్టేస్తున్నాను."

సూటుతో అందరికంటే ఎక్కువ పట్టిన పిల్లే వదులుకుంటానంటే ఇంకెవరు నోరెత్తుతారు! ఆ సాయంత్రమే అందరూ ఒప్పుకున్నారు. బయటికి వస్తుంటే ముసలమ్మలు ఫుమినో చేతులు పట్టుకుని వదల్లేదు. "ఎంత మంచి పిల్ల! కివా, అదృష్టవంతురాలివే నువ్వు" అన్నారు. గెలిచింది కివా, దండ పడింది కోడలి మెడలో. తిట్టడానికి ఒక్క వంక కూడా మిగల్చలేదే ఇది అనుకుంటూ, కివా అందరికంటే ముందు ఇంటి దారి పట్టింది.

మళ్ళీ వసంతం వచ్చింది. పడవ ఒకటే, తాడు ఒకటే కాబట్టి అత్తా కోడళ్ళిద్దరూ ఒకరి తర్వాత ఒకరు మునగాలని యసువో అన్నాడు. ఇద్దరూ తెల్ల నూలుబట్టలు కట్టుకుని పడవెక్కారు.

"ముందు మీరు దిగండత్తయ్యా" అంది ఫుమినో.

"నువ్వు చెప్పాలా?" అని కివా తాడు కట్టుకుంది. సీసం గుండు పట్టుకుని దిగిపోయింది. ఎన్నాళ్ళకో ఆ లోతు, ఆ చీకటి పచ్చదనం! రాతి అంచు కింద ఒక పెద్ద చిప్ప దొరికింది. ఉలితో ఎత్తి, రొమ్ముకి హత్తుకుని, తాడుని గుంజింది.

తాడు కదల్లేదు.

మళ్ళీ గుంజింది. ఒకప్పుడు ఆమె గుంజకముందే వాడి చేతులు తాడు మీద బిగిసి ఉండేవి. ఇప్పుడు పైన ఎవరూ లేనట్టే ఉంది. చెవుల్లో హోరు మొదలైంది, చిప్ప చేతిలోంచి జారింది. అంతలో నడుము తెగిపోతుందేమో అన్నంత మొరటుగా తాడు ఆమెని పైకి లాగేసింది.

పైకి తేలి, నీళ్ళు కక్కి, పడవ అంచు పట్టుకుని చూసింది. తాడు ఫుమినో చేతుల్లో ఉంది. అరచేతులు ఒరుసుకుపోయాయి. పెదాలు నీలంగా ఉన్నాయి, మునిగింది తానే అన్నట్టు రొప్పుతోంది. యసువో పక్కన తెల్లముఖం వేసుకుని నిలబడ్డాడు.

"ఇంకా టైముందనుకున్నానమ్మా" అన్నాడు. "కొంచెం గుంజినట్టే అనిపించింది గానీ, చిప్ప వెతుకుతూ కదిలావేమో అనుకున్నా. ఫుమినో అయితే ఇంకా చాలాసేపు..."

"నీకెలా తెలిసిందే?" అని కివా కోడల్ని అడిగింది.

"మీరు మునిగినప్పుడు నేనూ ఊపిరి బిగబడతానత్తయ్యా. కొత్తలో గట్టు మీద నుంచి మిమ్మల్ని చూస్తూ అలాగే నేర్చుకున్నాను. మీ ఊపిరి ఎంతో నాకు తెలుసు. ఇవాళ నాది అయిపోయింది, తాడు చూస్తే ఈయన చేతిలో వదులుగా ఉంది."

తొమ్మిది నెలలు మోసి కన్నవాడు మరిచిపోయిన ఊపిరిని ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల గుండెల్లో పెట్టుకుని తిరిగింది. పడవ తీసుకుంది, కొడుకుని తీసుకుంది, ఊళ్ళో పేరు తీసుకుంది, ఆఖరికి తన ఊపిరి కూడా దీని దగ్గరే ఉంది. మళ్ళీ కుళ్ళే వచ్చింది, కానీ ఈసారి దాంతోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అవి సముద్రం నీళ్ళే అన్నట్టు ముఖం తుడుచుకుని పడవెక్కింది.

"జరగరా పక్కకి. ఇకనుంచి నా తాడు ఇది పడుతుంది. నువ్వు తెడ్డు వెయ్యి చాలు."

"మరి ఫుమినో దిగినప్పుడు?"

"అప్పుడు నేను పడతా."

కివా నడుముకున్న తాడు విప్పి, కోడల్ని దగ్గరికి లాగి, దాని నడుముకి కట్టి, ముడి రెండుసార్లు బిగించింది. ఇద్దరూ ఒకేసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. తెడ్డు పట్టుకున్న యసువో వాళ్ళిద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. ఆ చూపు ఏమిటో కివాకి ఎవరూ చెప్పక్కర్లేదు, గట్టు దగ్గర తొట్టి పట్టుకుని పడవ వైపు తాను చూసిన చూపే అది.