శౌరి కాపలా

బస్సు నడుస్తూనే ఉంది, అయినా కిటికీ బయట మా వీధి కదలడం లేదు, మా ఇల్లూ దాని పక్కనే శౌరి వాళ్ల ఇల్లూ ఉన్నచోటే ఉన్నాయి, శౌరి మాత్రం నా పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. అతను పోయి ఏడు నెలలైందని నాకు తెలుసు. డెంగీ జ్వరంతో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి పద్దెనిమిదేళ్లకే పోయాడు, గోతిలో నేను కూడా పిడికెడు మట్టి వేశాను. ఆ సంగతి తనకింకా తెలియదేమో, నేను చెబితే బాధపడతాడేమో అని ఊరుకుంటాను.

టికెట్ తీసుకున్నావా అని అడుగుతాడు. గుప్పిట విప్పితే టికెట్ లేదు, నాన్న చొక్కా గుండీ ఉంది. అది చూడగానే మా ఇంటి సంగతి చెప్పడం మొదలుపెడతాను. నాన్న ఇల్లు వదిలిపోయి మూడు వారాలైందని, అమ్మే నోరు పారేసుకుని తరిమిందని, అందుకే అమ్మతో మాట్లాడడం మానేశానని చెబుతూ ఉండగానే సీట్లు చర్చి బెంచీలైపోతాయి, డ్రైవరు ఉండాల్సిన చోట ఎవరూ లేరు, మేమిద్దరం మోకాళ్ల మీద ఉన్నాం, ఎప్పుడు మోకరించామో తెలియదు.

ఆ రోజు గురించి అడగాలి. ఆసుపత్రిలో చేరడానికి రెండు రోజుల ముందు శౌరి మా గుమ్మం దాకా వచ్చాడు. లోపల అమ్మా నాన్నా పోట్లాడుకుంటున్నారు, గిన్నెలు విసిరేసిన చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది, నేను సిగ్గుతో చితికిపోయి, అతను నోరు తెరవకముందే తర్వాత రమ్మని తలుపేసేశాను. ఆ ‘తర్వాత’ అనేది ఇక రాలేదు. అతను చెప్పాలనుకున్నది ప్రేమ సంగతే అయి ఉంటుందని ఈ ఏడు నెలలూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

"ఆ రోజు ఏం చెబుదామని వచ్చావు?"

మరిచిపోయిన పాఠం గుర్తు చేసుకుంటున్నట్టు చెబుతాడు.

"చెప్పడానికి రాలేదు. గిన్నెల చప్పుడు విని, నీకేమైనా దెబ్బ తగిలిందేమో చూద్దామని వచ్చాను."

ఏడవాలో సంతోషపడాలో తెలియదు. ప్రతి మనిషికీ ఒక కావలి సన్మనస్కుడు ఉంటాడని, ఆ దేవదూత పుట్టినప్పటి నుంచీ పక్కనే నడుస్తాడని చిన్నప్పుడు బడిలో సిస్టర్ చెప్పేది. నువ్వు ఆ పనిలో ఉన్నావా అని అడుగుతాను. అవునంటాడు, కొత్తగా చేరానంటాడు. రెక్కలేవీ అంటే తనకీ అనుమానం వచ్చినట్టు వెనక్కి తిరిగి చూసుకుంటాడు, అక్కడ ట్యూషన్‌కి వేసుకొచ్చే నీలం గళ్ల చొక్కా తప్ప ఏమీ లేదు.

"మరి నన్ను ప్రేమించావా, కాపలా కాశావా? ఏదో ఒకటి చెప్పు."

"ఆ రెండూ వేరని నాకెవరూ చెప్పలేదు, లూర్దూ."

చర్చి నేల మీదికి నీళ్లొస్తున్నాయి, వేడి నీళ్లు, పాదాలు మునిగి, మోకాళ్లు మునిగి, ఒళ్లంతా కాలిపోతోంది, శౌరికి మాత్రం ఏమీ అవుతున్నట్టు లేదు. నన్నూ నీతో తీసుకెళ్లు అంటాను. కుదరదంటాడు, నువ్వు ఇక్కడే దిగాలంటాడు, ఇది మళ్లీ బస్సో ఏమో. ఇంట్లో నాకెవరున్నారని దిగమంటావు అని గట్టిగా అడుగుతాను.

"నాకంటే ముందు నుంచే అక్కడ ఒకరు కాపలా ఉన్నారు. ఆమెను దాటి నీ దగ్గరికి రావడం నాకే కష్టంగా ఉంది."

ఎవరని అడగబోతే అతని ముఖం నీళ్లలో కలిసిపోతుంది, చేయి ఒక్కటే మిగిలి నా నుదుటి మీద ఆనుతుంది, చల్లగా.

కళ్లు తెరిచాను. మధ్యాహ్నం. నాకు నాలుగు రోజులుగా జ్వరమన్న సంగతి మెల్లగా గుర్తొచ్చింది. టైలరింగ్ షాపులో ఉండాల్సిన వేళ అమ్మ నా మంచం పక్కన నేల మీద కూర్చుని, పట్టెకు తల ఆనించి కునుకు తీస్తోంది. నా నుదుటి మీద మడత పెట్టిన తడిగుడ్డ ఉంది.

"అమ్మా, దాహం" అన్నాను. మూడు వారాల్లో తనతో అన్న మొదటి మాట అది.

అమ్మ ఉలిక్కిపడి లేచింది. నీళ్ల గ్లాసు అందుకునే ముందు, నా నుదుటి మీది గుడ్డను రెండో వైపుకి తిప్పి వేసింది.