ఫియర్‌లెస్‌నెస్‌కు రెండు తోకలు

కువైట్‌లోని జాబ్రియాలో ఒక ఇంటి మామా ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పింది. మామా అంటే మన మేనమామ కాదు. అక్కడి పనిమనుషులు ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు. రిటైరైనంత మాత్రాన ఆవిడ నోరు ఊరుకుంటుందా? రాయచోటి నుంచి వంటకు వచ్చిన గంగాదేవిని పట్టుకుంది. నలభై ఏళ్ల మనిషికి ఏబీసీడీలు! మొదట్లో గంగాదేవికి ఒళ్లు మండింది. పదకొండేళ్లు గడిచేసరికి మందు సీసా మీద రాసింది చదువుతోంది, ఇఖామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కాగితాల మీద వేలిముద్రకు బదులు సంతకం పెడుతోంది. ఈ రుణం ఏ జన్మకు తీరుతుందని రోజుకోసారైనా అనుకునేది.

మామా పాఠం చిత్రంగా ఉండేది. పొడుగు మాట దొరికితే చాలు, వెనక తగిలించిన తోకలు ఒక్కొక్కటే కోసి, మిగిలిన మొదలు ఎక్కడ పుట్టిందో చెప్పేది.

అలాంటి మనిషికి రంజాన్ తర్వాత పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అన్నీ అర్థమవుతాయి, చెయ్యి కాస్త కదులుతుంది, అంతే. "మూడు నెలల్లో ఒక్క మాటైనా వస్తే ఆశ ఉంటుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుతూ ఉండండి," అన్నాడు డాక్టరు.

గంగాదేవి ఏం మాట్లాడుతుంది? ఆవిడ చెప్పిన పాఠాలే మాట్లాడుతుంది. రోజూ వంటయ్యాక పాత నోటుపుస్తకం తెచ్చుకుని, సగం అరబ్బీ, సగం రాయచోటి మాటల్లో మామాకే పాఠం చెప్పసాగింది. రెండు నెలలు దాటిపోయాయి. ఉలుకూ పలుకూ లేదు.

ఆ మంగళవారం ఫియర్‌లెస్‌నెస్ వంతు వచ్చింది.

"ఇదో మామా, దీనికి రెండు తోకలుండాయి. కడాన నెస్, దాన్ని కోసేస్తిని. మొదట ఫియర్. ఇప్పుడంటే బయం గానీ, పాతకాలంలో ఉన్నట్టుండి మీద పడే ఆపదంట. నువ్వే గదా చెప్పింటివి. ఇంగ నడుమ ఉండేది లెస్. లెస్ అంటే తక్కువ. ఆపద తక్కువ..."

"నో."

పుస్తకం జారి కింద పడింది. మామా పెదవులు కదులుతున్నాయి, కళ్లలో మాత్రం అచ్చమైన టీచరమ్మ కోపం.

"లెస్... వితౌట్," అంది కూడబలుక్కుంటూ.

తక్కువ కాదు, అసలు లేకపోవడం. తక్కువ అనే లెస్‌కూ ఈ తోకకూ పుట్టుకలో చుట్టరికమే లేదు. అంత జబ్బునూ ఓర్చుకుంది గానీ, తప్పు పాఠాన్ని ఓర్చుకోలేకపోయింది మహాతల్లి.

గంగాదేవి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేసింది. "తిట్టు మామా, ఇంగా తిట్టు. నీ తిట్లు లేక ఇల్లు పాడుబడినట్టుండె. నాకు అచ్చరం పెట్టిన నోరు మల్లా పలికింది, నాకింగేం వద్దు."

మామా ఇవేవీ పట్టించుకోలేదు. వేలితో కింద పడిన పుస్తకాన్ని చూపించింది.

"టెన్... టైమ్స్."

గంగాదేవి కళ్లు తుడుచుకుని నేలమీదే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. మామాకు మాట వచ్చిందని ఆవిడ కొడుక్కి ఫోన్ చేయాలన్న సంగతి ఏడోసారి రాస్తుండగా గుర్తొచ్చింది. అయినా పదీ పూర్తిచేసి, మామాకు చూపించాకే లేచింది.